తాళం లేని సంకెళ్ళు

తప్పు వస్తువు ముందు నిలబడి ఒక పసిపిల్ల నిజంగా కన్నీళ్ళు పెట్టుకుంటే, ఆ కన్నీళ్ళు కూడా తప్పేనా? మొన్నటి ఎండాకాలమంతా నన్ను నేను అడుక్కున్న ప్రశ్న ఇదొక్కటే. అడిగిన ప్రతిసారీ ఏదో ఒక నేర్పైన జవాబు దొరికేది. దొరికిన ప్రతిసారీ నిద్ర మరికొంత తగ్గేది.

పాతబస్తీలో, చార్మినారుకు కొంత ఎడంగా, నవాబుల కాలపు భవంతి, ఒక పాత దేవిడీలో ఉన్న చిన్న చరిత్ర మ్యూజియంలో నేను గ్యాలరీ అటెండెంటును. నాది ఇనుప గది. తాళాలు, గొలుసులు, బల్లేలు, తూకపు రాళ్ళు ఉంటాయి. కిటికీలు రెండున్నా, ఎండ తగిలి వస్తువులు పాడవుతాయని వాటికి చెక్కలు కొట్టేశారు. నా పని కూర్చోవడం, చూడడం, "ముట్టుకోవద్దు" అనడం. వస్తువుల సంగతి ఎవరైనా అడిగితే దాని ముందున్న కార్డు చూపించి "బోర్డు చదువుకోండి" అనాలి. వివరించడం గైడుల పని. ఇంటి దగ్గర తత్త్వశాస్త్రం చదువుతాను. పొద్దున ఒక వాక్యం చదివి, దాన్ని రోజంతా మనసులో తిప్పుకుంటూ కుర్చీలో కూర్చుంటాను. సత్యాన్ని గురించి అలా కొన్ని వందల వాక్యాలు చదివి ఉంటాను. అవన్నీ ఒక అబద్ధానికి కాపలా కాస్తూ చదివినవే.

పదకొండేళ్ళ కిందట గోడలకు సున్నం వేయడానికి గది ఖాళీ చేశారు. తిరిగి సర్దే పని నాకు అప్పజెప్పారు. అప్పటికి నేను తాత్కాలికపు మనిషిని. చివరికి రెండు వస్తువులు, రెండు కార్డులు మిగిలాయి. వస్తువులు దాదాపు ఒక్కలాగే ఉన్నాయి: రెండేసి ఇనుప కడియాలు, నడుమ గొలుసు. ఒకదానికి తాళం ఉంది. రెండోదానికి తాళం లేదు, మేకు దించి సుత్తితో అణచి వేశారు. కార్డుల మీద నంబర్లు లేవు; ఒకటి "ఖైదీ కాలి సంకెళ్ళు" అంటోంది, రెండోది "గుర్రం ముందరి కాళ్ళ బంధం" అంటోంది. తాళం మనిషికే వేస్తారు కదా అనుకున్నాను. తాళమున్న దాని ముందు ఖైదీ కార్డు పెట్టాను. అన్నీ ఎక్కడివక్కడ చేరాయని సీనియర్ అటెండెంటు వైకుంఠం నా మాట మీద సంతకం చేశాడు.

నెల తర్వాత సరుకు లెక్క చూస్తున్నప్పుడు స్టాక్ రిజిస్టరు నా చేతిలోకి వచ్చింది. తాళమున్నది గుర్రానిది. తాళం లేనిదే మనిషిది.

వైకుంఠానికి చెప్పాను. "సప్పుడు చేయకు," అన్నాడు. "నీ కాగితం పైకి పోయి ఉన్నది. ఇప్పుడు మెమో వచ్చిందనుకో, పర్మినెంటు గాదు, ఇంటికే." ఊరుకున్నాను. ఆ ఏడాదే నా ఉద్యోగం ఖాయమైంది. అప్పటికి నా బిడ్డ షారోన్ ఏడాది పిల్ల.

మొన్న ఏప్రిల్‌లో బడులు మూతబడగానే మా అధికారి జగదీశ్వర్ సార్ పిల్లల గైడుల కార్యక్రమం పెట్టారు. పన్నెండు మంది పిల్లలు, తలా ఒక వస్తువు ఎంచుకోవాలి. పొద్దున పది నుంచి ఒంటిగంట దాకా దాని పక్కన నిలబడి వచ్చినవాళ్ళకు చెప్పాలి. సిబ్బంది పిల్లలు కూడా చేరవచ్చన్నారు.

"ఇంట్ల ఉండి ఫోన్ చూసుడు కన్న నయం గద," అంది నా భార్య రాజమణి. ఆమె మేముండే ఉప్పుగూడలోనే, మా వీధి చివర అంగన్‌వాడీలో ఆయా. "నీ కండ్ల ముంగట్నే ఉంటది."

మొదటి రోజు షారోన్ మ్యూజియమంతా ఒక చుట్టు తిరిగి నేరుగా నా గదిలోకి వచ్చింది.

"డాడీ, నీ రూంల వస్తువే తీసుకుంట."

"ఇక్కడేమున్నది బిడ్డా, అంత తుప్పు. పైన అత్తరు సీసాలు చూడు, మస్తుంటయి."

"అవి స్రవ్య తీసుకున్నది. వాళ్ళది ముత్యాల దుకాణం గద, మెరిసేటియే కావాలె ఆమెకు. అయినా వాసన లేని అత్తరు గురించి ఏం చెప్తది, పాపం!"

నవ్వుతూ అద్దాల బీరువాల వెంట నడిచింది. నేను కుర్చీలోంచి చూస్తున్నాను. బల్లేలు దాటింది. తూకపు రాళ్ళు దాటింది. ఆగింది.

"గిది," అంది. "ఖైదీది."

మూడు రోజుల్లో ఆమె మాట తయారైంది. కార్డు మీద ఉన్నవి మూడు పదాలు. వాటి మీద ఆమె ఒక మనిషిని నిలబెట్టింది.

"ఈయన పేరు మనకు తెల్వదు. తప్పు చేసిండో లేదో గూడ తెల్వదు. కానీ ఈ తాళం చూడండి. దీని చెవి ఎవరి నడుముకో ఏలాడుతుండె. ఆ మనిషి నడిచినప్పుడల్ల చెవి సప్పుడు ఈయనకు ఇనపడుతుండె. దగ్గరికొచ్చిందా, దూరం పోయిందా అని రోజంత అదే ఇనుకుంట కూసుండె."

వచ్చినవాళ్ళు మాటలాపేవారు. ఒక రోజు నాలుగేళ్ళ పిల్ల ఒకతె తన తల్లి కొంగు పట్టుకొని, "తాళం తీయమను మమ్మీ," అని ఏడ్చింది. షారోన్ మోకాళ్ళ మీద కూర్చొని ఆ పిల్ల కళ్ళు తుడిచింది. జగదీశ్వర్ సార్ గుమ్మంలో నిలబడి చూసి, "డానియేలూ, నీ బిడ్డ గట్టిది," అన్నారు.

నా కుర్చీకి, ఆమె నిలబడే చోటికి నడుమ ఆరడుగులు. రోజుకు ఇరవైసార్లు నా తప్పు నా బిడ్డ నోట విన్నాను. లేచి బయటకు పోవడానికి లేదు. డ్యూటీలో గది వదలకూడదు. చెవులు మూసుకోవడానికి లేదు. ఆమె బాగా చెబుతోందని సంతోషించడానికీ లేదు. తప్పని తెలియనివాడు తప్పు పలికితే అది అబద్ధం కాదని ఎక్కడో చదివాను. అయితే ఆ గదిలో అబద్ధమాడుతున్నది ఒక్కడే; నోరు మూసుకొని కూర్చున్నవాడు.

షారోన్ పుట్టుకతోనే ప్రశ్నల పిల్ల. ముద్దకొక ప్రశ్న లేనిదే అన్నం దిగదని రాజమణి అంటూ ఉంటుంది. మే మొదటివారంలో ఒక సాయంత్రం నోటుబుక్కులో రెండు బొమ్మలు గీసుకొని నా దగ్గరికి వచ్చింది.

"డాడీ, నాకొక డౌటు. నా దాని పక్కన గుర్రంది ఉన్నది గద. దానికి తాళం లేదు, మేకు కొట్టిండ్రు. మరి పొద్దుగాల గుర్రాన్ని బయటికి తీస్కపోవాల్నంటె ఎట్ల? రోజు మేకు ఊడగొడతరా?"

"గుర్రం ఊకుంటదా," అంది రాజమణి పిండి పిసుకుతూ. "ఒక్కటి తన్నుతది!"

"అదే గద మమ్మీ! మనిషినన్న గట్టిగ పట్టుకోవచ్చు. గుర్రాన్ని పట్టుకొని రోజు ఎవరు కొడతరు?"

ఇద్దరూ నా వైపు చూశారు. షారోన్ సత్యానికి ఒక్క అడుగు దూరంలో ఉంది. నేను తల ఊపితే చాలు, మిగిలింది తనే తేల్చుకుంటుంది.

"ఆ కాలంల గట్లనే ఉండెనేమో," అన్నాను. "బోర్డు మీద ఉన్నది గద. బోర్డు చదువు."

గ్యాలరీలో అనే మాటను ఇంట్లో అనడం అదే మొదటిసారి.

మర్నాడు భోజనాల వేళ వైకుంఠం దగ్గరికి వెళ్ళాను. మెట్ల కింద డబ్బా విప్పుకొని కూర్చున్నాడు.

"అన్నా, ఆ కార్డుల ముచ్చట..."

"అరే, గది ఇంకా నీ నెత్తిలనే ఉన్నదా?"

"నా బిడ్డ అదే చెప్తున్నదన్నా రోజు."

"మంచిగ చెప్తున్నది. జనం ఏడుస్తున్నరు. ఇంకేం గావాలె నీకు? గుర్రమొచ్చి కేసేస్తదా?" తన మాటకు తనే నవ్వాడు. తర్వాత ముద్ద చేతిలోనే పట్టుకొని గొంతు తగ్గించాడు. "ఇగో, జూన్ ముప్పైకి రిటైరై దిగిపోతున్న. ఆ కాగితం మీద నా సంతకమున్నది. నన్ను సక్కగ ఇంటికి పోనియ్యి, డానియేలూ."

ఆయన అడిగింది అన్యాయమని నాకు తోచలేదు. అదే నా చిక్కు. ఆ రోజుల్లో ఎవరిని చూసినా ఒక గోడే కనపడేది. వైకుంఠం ఒక గోడ, ఉద్యోగం ఒక గోడ, షారోన్ ముఖంలోని వెలుగు అన్నిటికంటే ఎత్తయిన గోడ. వాటి నడుమ నాకు నేను వేసుకున్న కుర్చీ.

రెండో శనివారం ఒక పెద్దమనిషి మనుమరాలిని వెంటబెట్టుకొని వచ్చాడు. తెల్లటి ధోవతి, భుజాన తువ్వాల. షారోన్ చెప్పడం మొదలుపెట్టింది. తాళం దగ్గరికి వచ్చేసరికి ఆయన అద్దం మీదికి వంగాడు.

"బిడ్డా, గిది మనిషిది గాదు. గుర్రంది."

షారోన్ ఆగిపోయింది. చుట్టూ పదిహేను మంది దాకా ఉన్నారు.

"నా పేరు కృష్ణయ్య. మాది జల్‌పల్లి," అన్నాడాయన. "మా నాయిన టాంగా గుర్రాలకు లాడాలు కొట్టేటోడు. గిసొంటియి మా ఇంట్ల నాలుగుండె. తాళం ఎందుకనుకున్నవు? గుర్రాన్ని ఎవడన్న ఎత్కపోతడని. పొద్దుగాల తీసి బండి కట్టాలె గద, అందుకే చెవి." పక్కనున్న దాన్ని చూపించాడు. "మనిషిది గది. దానికి తాళమెందుకు? తీసే పనుంటె గద!"

షారోన్ కళ్ళు ఒకదాని మీంచి మరోదాని మీదికి వెళ్ళాయి. తన నోటుబుక్కులోని రెండు బొమ్మలు ఆ క్షణంలో ఆమెకు గుర్తొచ్చాయని నాకు తెలుసు.

"కానీ బోర్డు మీద రాసున్నది తాతా. చదవండి."

"నాకు చదువు రాదు బిడ్డా."

వెనక ఎవరో కిసుక్కుమన్నారు. మనుమరాలు తాత చేయి పట్టుకొని లాగింది. షారోన్ నా వైపు తిరిగింది. ఆ చూపులో గర్వం లేదు. నిజంగా తెలుసుకోవాలనే ఉంది.

"డాడీ, నువ్వు చెప్పు. నువ్వు రోజు చూస్తవు గద."

పదకొండేళ్ళలో నన్ను ఎవరూ ఇంత సూటిగా అడగలేదు.

"బోర్డు మీద ఉన్నదే," అన్నాను.

కృష్ణయ్య నన్ను ఒక్క క్షణం చూశాడు. కోపమేమీ లేదు. "సరే సారూ. రాసినోళ్ళకు ఎరుకుంటది," అని తువ్వాలతో ముఖం తుడుచుకొని వెళ్ళిపోయాడు. ఆ మనుమరాలు గుమ్మం దాటేలోగా తాత చేయి వదిలేసింది.

షారోన్ మళ్ళీ మొదటి నుంచి చెప్పడం మొదలుపెట్టింది.

ఆ రోజు నుంచి ఆమె మరింత బాగా చెప్పసాగింది. ఎక్కడా తడబాటు లేదు. ఎక్కడ ఆగాలో, ఎక్కడ గొంతు తగ్గించాలో అంతా కుదిరిపోయింది. ఎవరైనా సందేహం అడిగితే నవ్వుతూ కార్డు చూపించేది. అచ్చం నాలాగే. చరిత్ర చూడడానికి వచ్చిన పిల్లలు ఏం నేర్చుకుంటారో రాయించి జగదీశ్వర్ సార్ గోడకొక పెద్ద బోర్డు పెట్టించారు. అందులో ప్రశ్నించడం అనే మాట కూడా ఉంది. నా బిడ్డ నేర్చుకున్నది వేరు. చేతులతో ఇనుమును ఎరిగిన మనిషి కంటే మూడు పదాల అట్టముక్క పెద్దదని నేర్చుకుంది. నేర్పింది మ్యూజియం కాదు.

మే మూడో వారంలో సార్ మా గదికి వచ్చారు.

"సెలవులైపోతే పిల్లలు పోతరు గదా. అందుకని అందరి మాటలు రికార్డు చేపిస్తున్న. ఒక్కొక్క బీరువకు ఒక్కొక్క స్పీకరు. బటన్ నొక్కితే షారోన్ మాట్లాడతది. ఇగ పదేండ్లు ఫికర్ లేదు." నా భుజం తట్టారు. "అదృష్టవంతుడివి. రోజంత బిడ్డ గొంతు వినుకుంట కూసోవచ్చు."

నేను నవ్వాను. నవ్వినట్టే ఉంది.

రికార్డింగ్ సోమవారమన్నారు. ఆ ఆదివారం చర్చిలో అందరూ పాట పాడుతుంటే నేను పాటల పుస్తకం మూసి పెట్టాను. పక్కన షారోన్ స్పష్టంగా పాడుతోంది. ఆ గొంతును ఒక డబ్బాలో పెట్టి, నా పదవీ విరమణ దాకా నా ఎదురుగా ఉంచుతారు. ఆమె పెద్దదవుతుంది, చదువుకుంటుంది, ఒకనాడు తనకై తానే తెలుసుకుంటుంది. డబ్బాలోని పన్నెండేళ్ళ పిల్ల మాత్రం తెలుసుకోలేదు. ఎవడో బటన్ నొక్కిన ప్రతిసారీ అదే చెబుతుంది.

సోమవారం పొద్దున రాజమణి షారోన్‌కు జడ వేస్తోంది. షారోన్ తన మాటను మెల్లగా వల్లె వేసుకుంటోంది. నేను చాయ్ తాగుతున్నాను.

"ఏమయ్యా," అంది రాజమణి దువ్వెన ఆపి. "పిల్లకేమైంది? పది దినాలాయె, ఒక్క ముచ్చట అడుగుతలేదు. మా అంగన్‌వాడీల పోరగాండ్లు గిట్ల ఒక్కసారి సప్పుడు చేయకుంటె నాకు భయమైతది, జెరమొస్తదేమోనని."

"అడిగేదేమున్నది మమ్మీ," అంది షారోన్, తల తిప్పకుండానే. "అంత బోర్డు మీద ఉంటది."

ఎగతాళిగా అన్నా బాగుండేది. మామూలుగా, ఒక పెద్ద మనిషి అన్నట్టు అంది.

నేను చాయ్ గ్లాసు కింద పెట్టాను.

"షారోన్, చెప్పులేసుకో. పోదాం."

"ఎనిమిదిన్నరే అయింది డాడీ. రికార్డింగు పదకొండింటికి."

"అందుకే."

"ఒక జడ గూడ కాలె!" అని రాజమణి అరుస్తూనే ఉంది. ఒక వైపు జడ వేసుకొని, రెండో వైపు విరబోసుకొని ఎక్కింది షారోన్ స్కూటరు. లాల్‌దర్వాజ మీదుగా మ్యూజియానికి వెళ్ళాం.

ఇనుప గదిలో లైటు వేసి, ఆమెను బీరువా ముందు నేల మీద కూర్చోమన్నాను. అరలు అద్దానివే. నిలబడినవాళ్ళకు కనపడదు గానీ, కింద కూర్చొని పైకి చూస్తే ప్రతి వస్తువు అడుగునా తెల్ల రంగుతో రాసిన అంకె కనపడుతుంది.

"నీ దాని కింద ఏం నంబరున్నది?"

"నాలుగు వందల పదిహేడు."

"పక్క దాని కింద?"

"పద్దెనిమిది. ఎందుకు?"

చేయి పట్టుకొని జగదీశ్వర్ సార్ గదికి తీసుకెళ్ళాను. సార్ అప్పుడే వచ్చి ఫ్యాను వేసుకుంటున్నారు. వైకుంఠం బల్ల మీద మంచినీళ్ళు పెడుతున్నాడు.

"సార్, స్టాక్ రిజిస్టరు ఒక్కసారి తీయాలె."

"ఇప్పుడెందుకయ్యా? ఇయ్యాల రికార్డింగోళ్ళు వస్తుండ్రు గద."

"వాళ్ళొచ్చే ముందుగాల్నే సార్. నా బిడ్డ చదువుతది."

సార్ నా ముఖం చూసి మారుమాట లేకుండా బీరువా తెరిచారు. షారోన్ పేజీ వెతికింది. వేలు పెట్టి చదివింది.

"నాలుగు వందల పదిహేడు. గుర్రం ముందరి కాళ్ళ ఇనుప బంధం. తాళంతో." ఆగింది. "నాలుగు వందల పద్దెనిమిది. ఖైదీ కాలి సంకెళ్ళు. మేకు దించి బిగించినవి. తాళం లేదు."

ఆఖరి రెండు మాటలు మళ్ళీ ఒకసారి, పెదవులతో మాత్రమే చదువుకుంది.

"కార్డులు ఎవరు పెట్టిండ్రు?" అన్నారు సార్.

"నేను సార్. సున్నం వేసిన ఏడాది. నా మాట నమ్మి వైకుంఠం అన్న సంతకం పెట్టిండు. అప్పుడు ఆయనకు తెల్వదు."

వైకుంఠం చెంబు పట్టుకొని అలాగే నిలబడిపోయాడు. నా వైపు చూడలేదు.

"రాసిస్తవా?" అన్నారు సార్ రిజిస్టరు మూస్తూ. "రాసిస్తే నా చేతుల ఉండదు డానియేలూ. పైకి పంపాలె."

"రాసిస్త సార్."

ఆయన ఒక తెల్ల కాగితం జరిపారు. బల్ల మూల మీద, నిలబడే రాయడం మొదలుపెట్టాను. షారోన్ నా మోచేతి దగ్గరికి వచ్చి నిలబడింది. జడ లేని వైపు వెంట్రుకలు ముఖం మీద పడుతున్నా తీసుకోవడం లేదు.

"నీకెప్పటి సంది తెలుసు డాడీ?"

"పెట్టిన నెలకే తెలిసింది."

"నేను గుర్రం డౌటు అడిగినప్పుడు గూడ తెలుసా?"

"తెలుసు."

"ఆ తాత చెప్పినప్పుడు?"

"తెలుసు."

ఆమె ఒక అడుగు వెనక్కి వేసింది. వెళ్ళిపోతుందనుకున్నాను. వెళ్ళలేదు. మళ్ళీ ముందుకు వచ్చి, నేను రాసినంతవరకు చదివింది. 'పొరపాటున కార్డులు తారుమారు చేసినందుకు' అన్న చోట ఆమె వేలు ఆగింది.

"నెలకే తెలిసిందని రాయలేదు," అంది.

నేను ఆ వాక్యం కింద ఇంకో వాక్యం రాశాను. ఆమె చదివింది. నేను సంతకం చేసి, కాగితాన్ని సార్ ముందుకు జరిపాను.